ఏడో నంబరు చర్మం

"ఏడో నంబరు స్లైడు తారుమారు చేశావు. ఒప్పేసుకో, గొడవ వదిలిపోతుంది" అన్నాడు పెద్ద డాక్టరు, మైక్రోస్కోపు మీంచి తల ఎత్తకుండానే.

టెక్నీషియన్ చేతిలో ఉన్న స్లైడ్ల పెట్టెని బల్ల మీద పెట్టేసింది. పదకొండేళ్లుగా ఆ ల్యాబులో చర్మం ముక్కల్ని ఉల్లిపొర కన్నా పల్చగా కోసి, రంగులద్ది, గాజు స్లైడ్ల మీద పరుస్తున్న మనిషి ఆమె.

"నేను మార్చలేదండీ."

"అయితే చూడు."

చూసింది. ఏడో నంబరు, రోగుల చర్మంతో పోల్చి చూడ్డానికి పెట్టుకున్న ఆరోగ్యవంతుల పెట్టెలోది. అయినా రక్తనాళాల చుట్టూ గోధుమరంగు చుక్కలు చీమల్లా మూగి ఉన్నాయి. అవి ఒంటికి కాపలా కాసే కణాలు. పక్కనే నీలం రంగులో పీచు, ఉండాల్సినదానికి రెట్టింపు ఉంది.

"ఆ కాపలా కణాలకి అక్కడేం పని?" అన్నాడు డాక్టరు. "దొంగా లేడు, దొరా లేడు. ఇంటివాళ్లనే దొంగలనుకుని గోల పెడుతున్నాయి. ఆ గోలకి చర్మం అల్లే కణాలు ఎక్కడో గాయమైందనుకుని పీచు మీద పీచు అల్లేస్తున్నాయి. ముందు చర్మం బిగుస్తుంది, వేళ్లు ముడుచుకుపోతాయి, ఆ తర్వాత ఊపిరితిత్తులు. కంచే చేను మేయడమంటే ఇదే. ఇది రోగి చర్మం కాక మరెవరిది?"

"మారిపోయి ఉంటే రోగుల పెట్టెలో మంచి చర్మం ఒకటి తేలాలి కదండీ. పన్నెండూ చూశాను. పన్నెండూ జబ్బువే."

"అయితే ఒకే రోగిది రెండుసార్లు కోసి ఉంటావు. తప్పు నాదేనని రాసివ్వు. లేకపోతే రేపటినుంచి రానక్కర్లేదు."

రాసిచ్చేద్దామనే అనుకుంది. కాగితం కూడా తీసుకుంది. అప్పుడు గుర్తొచ్చింది, ఆరోగ్యవంతుల చర్మం ఎక్కణ్ణుంచి వచ్చిందో. ఒళ్లు కోయించుకోవడానికి బయటివాళ్లు ఎవరొస్తారు? ల్యాబువాళ్లే ఇవ్వడం అక్కడి ఆనవాయితీ. పనిచేసే ఎనిమిది మందీ, చిన్నా పెద్దా తేడా లేకుండా, వరసగా నిలబడి చొక్కా చేతులు మడిచారు. ఏ నంబరు ఎవరిదో రాసిన కాగితం కవర్లో పెట్టి సీలు వేసి బీరువాలో దాచారు.

తప్పు చేశానంటే ఆ ఎనిమిది మందిలో ఒకరి జబ్బు బయటపడకుండా పోతుంది. చేయలేదంటే ఉద్యోగం పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పైగా ఆ ఒక్కరూ తనే కావచ్చు. ఆమెకి నిజంగా భయం వేసింది. ఇంట్లో ఆడపిల్లలిద్దరికీ ఇంకా తనే జడలు వేయాలి.

కాగితం పక్కన పెట్టేసింది.

"సార్, కవరు విప్పండి. అది ఎవరిదో వాళ్లకి చెప్పాలి. ఇప్పుడే పట్టుకుంటే మందులున్నాయని మీరే అంటారు కదండీ."

"మధ్యలో విప్పితే పరిశోధన పాడవుతుంది."

"విప్పకపోతే మనిషి పాడవుతారండీ."

పదకొండేళ్లలో ఆమె ఎదురు చెప్పడం అదే మొదలు. డాక్టరుకి రోషం పొడుచుకొచ్చింది.

"సరే, నీ ముచ్చటే తీరుస్తాను. ఆ మనిషిని ఇప్పుడే పిలిచి, నీ కళ్లముందే ఇంకో ముక్క కోస్తాను. మంచి చర్మమే వస్తుంది. అప్పుడు ముఖం ఎక్కడ పెట్టుకుంటావో చూస్తా. బాబాయ్, ఆ కవరు!"

బాబాయి అంటే ఆఫీసు గుమస్తా. వరస లేకపోయినా అందరికీ బాబాయే. ఆయన తాళంచెవి వెతకడానికి పావుగంట తీసుకున్నాడు. సీలు చెక్కుచెదరలేదని ఇద్దరి చేతా సంతకాలు పెట్టించడానికి ఇంకో పావుగంట.

"రూలు రూలేనమ్మా" అన్నాడు తాపీగా.

డాక్టరు కవరు చించి, కాగితం మీద వేలు పెట్టి ఒక్కో పేరే కిందికి దిగాడు. ఏడు దగ్గర వేలు ఆగింది.

"నాదేనాండీ?" అంది ఆమె.

కాదని తల ఊపాడు.

"వాళ్లని పిలుచుకు రానా?" అన్నాడు బాబాయి.

"అక్కర్లేదు."

డాక్టరు కాగితాన్ని బోర్లించాడు. తన చొక్కా చేతి గుండీ విప్పుకుని, ముంజేతిని కాసేపు అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. తర్వాత ఆమెకేసి తిరిగాడు.

"అమ్మా, ఒక్కసారి బాగా గుర్తుచేసుకో తల్లీ... ఆ స్లైడు నువ్వే తారుమారు చేశావు కదూ?"