రెండే సీట్ల బండి

ఎర్ర కారు వీధిలో ఆగిన దగ్గర్నుంచి శేషగిరి ఇంట్లో ఒక్కరి నోరూ ఊరుకోవడం లేదు.

అది స్పోర్ట్స్ కారు. విశాఖలో ఉండే బావమరిది మురళీకృష్ణది. కవలలు పుట్టాక ఆ రెండు సీట్లలో సంసారం పట్టక, మేనకోడలు హరిప్రియకి ఇచ్చేస్తానన్నాడు.

హరిప్రియ సంతోషానికి పట్టపగ్గాల్లేవు. లైసెన్సు చేతికొచ్చి ఇంకా నెల తిరగలేదు మరి.

“కొత్త సేతికి ఇంత జోరు బండి ఏటి? కుదర్దు,” అన్నాడు శేషగిరి. పలాసలో జీడిపప్పు వ్యాపారి. పప్పునైనా మనిషినైనా కొరికి చూస్తే గానీ నమ్మడు.

“నా పక్కన ఒక్కసారి కూర్చుని చూడు నాన్నా!”

“నాను కూకుంటే కూతురే కనపడతాది గానీ తప్పులు కనపడవు. నాకు డ్రైవింగు నేర్పిన గురువుగారు ఇయ్యాల టెక్కలి వత్తన్నారు. ఎర్ర బండని సెప్పినాను. బస్టాండు కాడ ఎక్కించుకుని భావనపాడు దాకా తిప్పి తీసుకురా. గురువుగారు సరేనంటే బండి నీది. కాదంటే సాయంత్రానికి మీ మావయ్యకి పంపించేద్దుం.”

హరిప్రియ గురువుగారి బొమ్మ అప్పటికప్పుడే మనసులో గీసేసుకుంది. ఖాకీ చొక్కా, గుబురు మీసాలు, మాట కంటే ముందు కసురు.

దేవుడికి దండం పెట్టుకుని బయల్దేరింది.

కాశీబుగ్గ దాటుతుంటే ఓ ముసలామె రోడ్డు పక్క నుంచి చెయ్యి ఊపింది. చంకలో పనసకాయ. చేతికి మగవాళ్ళ వాచీ.

“భావనపాడు ఎల్తావేటమ్మా?”

“వెళ్తాను గానీ మామ్మా, నాకు చాలా అర్జెంటు.”

“నాకూ అర్జెంటే. రాత్రంతా రైల్లో నిలబడొచ్చినాను. కన్ను మూత పడితే ఒట్టు.”

ఇంక కాదనడానికి హరిప్రియకి నోరు రాలేదు.

“అయితే టెక్కలి దాకా ఎక్కు మామ్మా. అక్కడ ఇంకొకరు ఎక్కాలి.”

“ఎక్కనీ. నాను ఎనకాల కూకుంటాను.”

“వెనకాల లేదు. రెండే సీట్లు.”

“ఇంత బండికి రెండే సీట్లేటి? మోసపోయినావే అమ్మా!”

ముసలామె నెమ్మదిగా లోపలికి దిగి, అటూ ఇటూ చూసింది.

“పీటేసి కూకోబెట్టినట్టుంది. అన్నం వడ్డిస్తావేటి?”

హరిప్రియ పకపకా నవ్వేసింది. బెల్టు తనే లాగి పెట్టింది. పనసకాయని ఆమె కాళ్ళ దగ్గర సర్దింది.

హైవే ఎక్కిందో లేదో, కాలు మాట వినలేదు. గట్టిగా నొక్కేసింది.

బండి రివ్వున దూకింది. దాంతోపాటు పనసకాయ కూడా.

“అమ్మో, నా కాలు!”

గాభరాగా బ్రేకు వేసింది. పనసకాయ ముందుకు పోయి, వెనక్కొచ్చి రెండో కాలిని కూడా పలకరించింది.

“నీ బండి కంటే నా పనసకాయే జోరుగా పరిగెడతంది,” అంది ముసలామె కాళ్ళు పైకి లాక్కుంటూ.

హరిప్రియకి సిగ్గేసింది. అక్కడి నుంచి కళ్ళు రోడ్డు మీద, చెవి పనసకాయ మీద పెట్టి నడిపింది. అది కదిలిన చప్పుడైతే చాలు, కాలు వెనక్కి తీసేది.

బైకు మీద ఇద్దరు కుర్రాళ్ళు పక్కకొచ్చారు. ఈలేశారు. రమ్మని చెయ్యి ఊపారు.

“తొక్కమ్మా! ఆళ్ళకి సూపించు!” అంది ముసలామె.

హరిప్రియ అరికాలు జిలపెట్టింది.

“వద్దులే మామ్మా. పనసకాయ దొర్లుతుంది.”

కుర్రాళ్ళు దుమ్ము రేపుకుంటూ పోయారు. పోనీ. కొబ్బరి తోటల గాలి చల్లగా తగులుతోంది. బండి కాలి కింద పెంపుడు పిల్లిలా గుర్రుమంటోంది. బడి పిల్లలు కారుని చూసి గంతులేస్తుంటే హారన్ కొట్టి వాళ్ళకి జవాబు చెప్పింది. నడపడంలో ఇంత సుఖం ఉందని హరిప్రియకి అంతవరకూ తెలీదు. తనకి తెలీకుండానే పాట అందుకుంది.

కాళ్ళ దగ్గర చప్పుడు లేదు. పక్కన గురక వినిపిస్తోంది.

టెక్కలి బస్టాండు ముందు బండి ఆపి చూస్తే ముసలామె మెడ వాల్చేసి ఒళ్ళు తెలీకుండా నిద్రపోతోంది.

చుట్టూ చూసింది. గుబురు మీసాలు ఎక్కడా లేవు. ఏ నిమిషంలోనైనా రావచ్చు. వస్తే ఎక్కడ కూర్చోబెట్టాలి?

లేపి ఆటో ఎక్కించేస్తే సరిపోతుంది. భుజం దాకా చెయ్యి చాపింది. రాత్రంతా రైల్లో నిలబడొచ్చిన మనిషి. చెయ్యి వెనక్కి తీసుకుంది.

బండి పోతుందని ఏడుపొచ్చింది. అయినా లేపబుద్ధి కాలేదు. తండ్రికి ఫోన్ చేసింది.

“నాన్నా, గురువుగారిని క్షమించమని చెప్పు. నా బండిలో చోటు లేదు.”

“సోటు లేకపోడమేటి?”

“ఒక మామ్మ నిద్రపోతోంది. లేపలేను నాన్నా. భావనపాడులో దించేసి వస్తాను. కావాలంటే బండి మావయ్యకి ఇచ్చెయ్యి.”



“మామ్మా? సేతికి మగాళ్ళ వాచీ ఉందేటి?”

“ఉంది. నీకెలా తెలుసు?”

“నిజంగా నిద్దరోతన్నారా?”

“గురక కూడా పెడుతోంది.”

అవతల శేషగిరి పగలబడి నవ్వుతున్నాడు. నవ్వు ఆగితే కదా, మాట రావడానికి!

హరిప్రియకి ఏమీ అర్థం కాలేదు.

పక్క సీట్లో గురక ఆగింది. ముసలామె కళ్ళు తెరవకుండానే అంది.

“బండి నీదేనని మీ నాయనకి సెప్పమ్మా... ఆడికి డ్రైవింగు నేర్పినన్నాళ్ళూ ఆడి పక్కన నాకు ఒక్క కునుకు పట్టనేదు!”