నాగయ్య పెట్టిన వంకలు

"ఇంకోటి చెప్పనా? చలికాలం ఢిల్లీల పట్టపగలు గూడ ఎదుటి మనిషి కండ్లకు ఆనడంట. మంచో, పొగనో తెల్వదు. గాలి పీలిస్తే గొంతు మండుతదంట," అన్నాడు నాగయ్య, బర్రె మెడ నిమురుతూ.

భాగ్య కొట్టం గుంజకు ఆనుకుని నిలబడింది. చేతిలో ఫోను పట్టుకుని చాలాసేపయింది. ఎమ్మెస్సీకి ఆమెకు రెండు చోట్ల సీటు వచ్చింది, ఒకటి ఢిల్లీలో, ఒకటి హైదరాబాద్‌లో. రెండింటికీ ఈ సాయంత్రం ఐదింటితో గడువు ముగుస్తుంది. చేతిలో ఉన్న డబ్బు ఒక్క ఫీజుకే సరిపోతుంది. కట్టిన ఫీజు వెనక్కి రాదు. కట్టని సీటు గడువు దాటగానే వరుసలో ఉన్న మరొకరికి పోతుంది.

"గాలి సంగతి నాకెరుకే బాపు. మాస్కు పెట్టుకుంట."

"నీళ్లకు గూడ మాస్కు పెడ్తవా? కోహెడ రాంచందర్ మిలిటరీల ఉన్నప్పుడు ఆడనే ఉన్నడు. పొద్దుగాల పోయి అడిగొచ్చిన. ఎండకాలం ట్యాంకర్ కాడ బిందెలతోని కొట్టుకుంటరంట."

"హాస్టల్ల ఉంటయి నీళ్లు."

"ఆ హాస్టల్ గదిల నలుగురంట. నీ దోస్తు ఫోన్ల ఫోటో చూసిన. కిటికీ తలుపు ఒక్కటి సక్కగ లేదు. చలి గాలంత లోపటికే. స్టేషన్ల దిగినంక మెట్రో రెండు తాన మారాలె. వాళ్ల భాషల తిట్టినా నీకు తెల్వది."

నాగయ్య పశువుల దళారి. ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల సంతల్లో ఆయన నోటికి జడవని అమ్మకందారు లేడు. మొన్నటికి మొన్న ఈ బర్రెను కొనేముందు తోక పొట్టి అన్నాడు, సుడి మంచిది కాదన్నాడు, నడక చూస్తే నవ్వొస్తుందన్నాడు. దాని యజమాని తువ్వాల దులుపుకుని కొట్లాటకు వచ్చినంత పని చేశాడు. ఇప్పుడు ఆ నోరు ఢిల్లీ మీద పడింది.

భాగ్యకు ఏడుపొచ్చేలా ఉంది. బర్రెల మధ్య పెరిగిన పిల్ల. దూడకు తల్లి రంగు ఎందుకు రాలేదని ఐదో తరగతిలోనే టీచరును విసిగించిన పిల్ల. పశువుల జాతుల మీద పరిశోధన జరిగే విభాగం ఢిల్లీలోనే ఉంది. హైదరాబాద్‌లో వచ్చిన సీటు వేరే సబ్జెక్టులో. మార్కుల కోసం చదవగలదు, మనసు పెట్టి మాత్రం చదవలేదు.

"మరి హైదరాబాద్ ఎట్లుంటది బాపు?"

ఆయన మొహం విప్పారింది. "దానికేంది? బంగారమసొంటి యూనివర్సిటీ. సాగర్ రోడ్డు మీద బస్సెక్కితే అయిపాయె. ఇంటి బువ్వ, ఇంటి పక్క. ఒక్క వంక పెట్టేతట్టు లేదు."

"దాని గురించి ఎవరినన్న అడిగినవా?"

"అడుగుడేంది? మంచిదని లోకమంత అంటలేదా?"

"నేను సదవాలనుకున్నది ఢిల్లీలనే ఉన్నది బాపు."

"ఉంటే ఉన్నది. చలి గూడ ఉన్నది," అంటూ నాగయ్య తువ్వాల భుజాన వేసుకుని బండి తాళం తీశాడు. "బజార్ల జర పనుంది, పోయొస్త. నాకా ఫోన్ల నొక్కుడు రాదు, నువ్వే నొక్కు. ఉన్న లోపాలన్ని ముందుగాల్నే చెప్పిన. రేపు బాపు చెప్పలేదనొద్దు. అర్థమైంది గద?"

"అయ్యింది," అంది భాగ్య తల వంచుకుని.

బండి మలుపు తిరిగింది. అర్థం కాకపోవడానికి ఏముంది? నోటితో వద్దనలేదు, అంతే. తల్లి శ్యామలమ్మ తన చెల్లెలి కాన్పుకని బడంగ్‌పేట్‌లో ఉంది. ఫోను చేస్తే, అవతల పసిపాప ఏడుపు మధ్య, "మీ బాపు చెప్పినట్టే చెయ్యి బిడ్డా. మంచి చెడు చూసే ఆయన పారఖీ తప్పిపోదు," అని పెట్టేసింది.

నాలుగు దాటింది. ఆఖరిసారి అడిగి చూద్దామని బాపుకు ఫోను చేసింది. ఆయన ఫోను ఇంట్లోనే, గూట్లో ఛార్జింగ్ పెట్టిన చోటే మోగింది. భాగ్యకు ఒళ్లు మండింది. ఆ వెంటనే బాపు మీద జాలి కూడా కలిగింది. ఎవరి మాటా వినని మనిషి కోహెడదాకా పోయి అడిగొచ్చాడంటే ఎంత బెంగ పెట్టుకున్నాడో. ఆయన ఇంతగా తిట్టిన చోటికి మొండికేసి పోతే, అక్కడ తనకు నిద్ర పడుతుందా?

కళ్లు తుడుచుకుని హైదరాబాద్ ఫీజు కట్టేసింది. ఐదు దాటాక ఢిల్లీ పేజీ తెరిచి చూస్తే గడువు ముగిసిందని వచ్చింది. ఫోను మంచం మీద పడేసి, బర్రెకు ఇంత గడ్డి వేసింది.

చీకటి పడకముందే బండి చప్పుడయింది.

"బిడ్డా, జర పట్టు," అని పిలిచాడు నాగయ్య. బండి వెనక కొత్త ట్రంకు పెట్టె కట్టి ఉంది. దాని మీద మందపాటి రగ్గు, రెండు స్వెట్టర్లు ఉన్నాయి. "బజారంత తిరిగిన. గిసొంటి రగ్గయితేనే ఆ చలికి ఆగుతదన్నడు రాంచందర్. గోడ దిక్కు పండుకో, కిటికీ దిక్కు పండుకోకు."

భాగ్య స్వెట్టర్లు చేతిలోకి తీసుకుంది. "ఢిల్లీ... నీకు నచ్చలేదు గద బాపు?"

నాగయ్య రగ్గు దులుపుతూ పకపకా నవ్వాడు.

"కొనబోయే గొడ్డును ఎవడన్న పొగుడుతడా, బిడ్డా?"