చెప్పకుండా చేసిన పరీక్ష

దూదికి రేడియోధార్మికత అంటింది. ఇన్నేళ్లలో ఇదే మొదటిసారి.

పురుగుమందుల జాడ పట్టే మా యంత్రం డిటెక్టర్‌లో రేడియోధార్మిక రేకు ఉంటుంది. దాన్ని మేం విప్పకూడదు. ఆరు నెలలకోసారి పైపైన తడి దూదితో తుడిచి, ఆ దూదిని కొలుస్తాం. దానికేమీ అంటకపోతే లోపలి రేకు భద్రంగా ఉన్నట్టే. ఎప్పుడూ ఏమీ అంటలేదు. ఆ ధీమాతోనే ఈసారి అనుకున్న రోజుకంటే ముందే పరీక్ష చేసేశాను.

యంత్రం ఆపి గదికి తాళం వేస్తుంటే, మా ల్యాబు ఊడ్చి తుడిచే పిన్ని ఎదురైంది.

“మొహం అలా వేలాడేశావేంటి బాబూ?”

“పరీక్ష పోయింది పిన్నీ.”

“రేపన్నావుగా!” పిన్ని నొచ్చుకుంది. “ఒక్క మాట చెబితే ఎప్పట్లాగే ముందుగా నిగనిగలాడేట్టు తుడిచి ఉంచేదాన్నిగా. నీ పరీక్షంటే చాలు, ఆ యంత్రం మీద మరక కూడా ఉండనిచ్చేదాన్ని కాదు. నీకు మాట రాకూడదని.”

తాళం వదిలేసి ఆమె వైపు తిరిగాను. “దేంతో తుడిచేదానివి?”

“ఇదిగో, దీంతోనే.” నడుముకు దోపుకున్న గుడ్డ తీసి చూపించి, దాంతోనే మొహమ్మీద చెమట తుడుచుకోబోయింది. గబుక్కున ఆమె చెయ్యి పట్టుకున్నాను.

పిన్ని నవ్వింది. “ఏమైంది బాబూ? రోజూ దీంతోనేగా తుడుచుకునేది!”