నాలుగో గేరు

డీజిల్ ట్యాంకు మూత మళ్లీ మొరాయించింది.

నెవిల్ తాళంచెవిని అటూ ఇటూ తిప్పి, విసుగొచ్చి మూత మీద గట్టిగా ఒకటిచ్చాడు.

ముందు సీట్లో కోరల్ కళ్లు మూసుకుంది. ఆ మూతకూ తన మొగుడికీ బండి కొన్నప్పటి నుంచి, అంటే రెండు నెలలుగా, పడటం లేదు. బండి పాతదే, పాత బండ్ల కొట్లో కొన్నది. అయినా నాలుగు చక్రాలూ లాగే గట్టి బండి. వెనక తగిలించిన క్యాంపర్ అనే చక్రాల గదిలో వాళ్ల పరుపు, పొయ్యి, ఆమె అల్లిన ఆరు బుల్లి స్వెట్టర్లు ఉన్నాయి.

ఎడారి నడుమ ఉన్న ఆలిస్ స్ప్రింగ్స్‌లో కూతురు కెరిన్‌కు శుక్రవారం ఉదయం కాన్పు ఆపరేషన్. అల్లుడు ఎక్కడో సముద్రం మీద గ్యాసు బావి దగ్గర చిక్కుకుపోయాడు. "నువ్వు పక్కనుంటే చాలమ్మా" అంది పిల్ల ఫోనులో.

ఈ రోజు బుధవారం. ఇంకా తొమ్మిది వందల కిలోమీటర్ల దారి ఉంది.

"కొడితే అలుగుతుంది. ఇటియ్యి."

డీజిల్ బంకూ హోటలూ కలిసిన ఆ రోడ్‌హౌస్‌లోంచి వచ్చిన ముసలావిడ. ఏప్రన్ జేబు మీద డల్సీ అని పేరు కుట్టి ఉంది. చేతిలో అద్దాలు తుడిచే బకెట్టు. తాళంచెవి అందుకుని, మూతను కాస్త పైకెత్తి పట్టి తిప్పింది.

తెరుచుకుంది.

నెవిల్ డీజిల్ పైపు అందుకున్నాడు. ఆవిడ వంగి బండి కిందకు చూసింది. ముక్కు ఎగబీల్చింది.

"ఏ గేర్లో వచ్చావబ్బాయ్?"

అరవై ఎనిమిదేళ్ల నెవిల్‌ను అబ్బాయ్ అని పిలిచినవాళ్లు ఈ మధ్య ఎవరూ లేరు.

"అయిదు. ఓవర్‌డ్రైవ్, స్పీడు గేరు. ఏం?"

"వెనక ఇంత బరువేసుకుని అయిదా! పైగా ఎదురుగాలి. అయిదు ఖాళీ బండికయ్యా. ఇంజను హాయిగానే తిరుగుతుంది, బరువంతా మాత్రం గేర్‌బాక్సులో చిన్న పళ్ల చక్రం మీద పడుతుంది. ఇప్పటికే కమురు వాసనొస్తోంది. నాలుగులో పో. నిదానంగా పోతావు, కానీ చేరతావు."

"మరి బండి చేసినవాడు అయిదోది అందానికి పెట్టాడా?"

"ఒక్క నిమిషం స్టీరింగు ముందు కూర్చోనియ్యి. గేరు రాడ్డు మీద చెయ్యేస్తే దాని బాధేంటో చెబుతాను."

"ఇదేమన్నా తిరనాళ్లలో గుర్రబ్బొమ్మా, వచ్చినవాళ్లందరూ తలో నిమిషం ఎక్కడానికి? నువ్వు అద్దాలు తుడుచుకో తల్లీ."

కోరల్ ముఖం ఎర్రబడింది. మాట పెరిగితే పొద్దుపోతుందని డీజిల్ డబ్బు లెక్కపెట్టసాగింది.

డల్సీ అద్దం తుడిచింది. మూలల్లో అంటుకుపోయిన పురుగులను గోటితో గీకి మరీ తుడిచింది. పక్క అద్దం దగ్గర ఆగి, లోపలి గేరు రాడ్డు వైపు కాసేపు చూసింది.

బండి కదిలింది. ఆవిడ ఒక వేలు పైకెత్తింది. ఆ దారిలో ఎదురుపడ్డ బండ్లవాళ్లు ఒకరినొకరు అలాగే వేలెత్తి పలకరించుకుంటారు.

నెవిల్ ఎత్తలేదు.

"పోనీ, నాలుగులో పోదామా?" అంది కోరల్, ఓ పది కిలోమీటర్లయ్యాక.

"నీ కూతురి దగ్గరికి శుక్రవారానికి పోవాలా, ఆదివారానికి పోవాలా?"

ఆమె గేరు రాడ్డు తల వైపు చూసింది. అయిదు అంకె మీద ఇంకా కాస్త జిగురుంది. కొన్నప్పుడు అక్కడ ఎవరో ఎర్ర టేపు అంటించి ఉంచారు. నెవిల్ మొదటి రోజే గీకి పారేశాడు.

ఆ సాయంత్రం నాలుగు గంటలకు, ఒక చిన్న మిట్ట ఎక్కుతుండగా, ఇనప డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టు చప్పుడైంది. ఆపైన ఏ గేరూ పడలేదు.

నెవిల్ స్టీరింగు మీద తల ఆనించుకున్నాడు.

గురువారం మధ్యాహ్నానికి బండిని దారిలోని కూబర్ పీడీ ఊళ్లో మెకానిక్కు స్టావ్‌రోస్ షెడ్డుకు లాక్కొచ్చారు. ఆలిస్ బస్సు అప్పటికే వెళ్లిపోయింది. మళ్లీ శనివారమేనన్నారు.

శుక్రవారం ఉదయం షెడ్డు ముందు బల్ల మీద కూర్చున్న కోరల్‌కు ఫోను వచ్చింది.

"అమ్మా, పాప! ఏడుపు వినిపిస్తోందా? నర్సు చెయ్యి పట్టుకున్నానమ్మా. నీ చెయ్యే అనుకున్నాను."

"వినిపిస్తోందే. వినిపిస్తోంది, తల్లీ."

నెవిల్ ఆమె ముఖంలోకి చూడలేక షెడ్డు లోపలికి వెళ్లాడు.

స్టావ్‌రోస్ పళ్లు రాలిన చక్రాన్ని గుడ్డలో పట్టుకొచ్చి చూపించాడు.

"చూడండి పెద్దాయనా, అయిదోది. అయిదు లక్షల కిలోమీటర్లు తిరిగిందీ బండి. ఈ గేర్‌బాక్సు ఇంతవరకు ఎవరూ విప్పలేదు. ఎవరో గానీ పసిపిల్లలా చూసుకున్నారు. ఆయిలెప్పుడు మార్చారో, రాసిన పుస్తకమేదైనా ఉందా?"

సీటు కింద ఒక జిడ్డు పుస్తకం ఉంది. నెవిల్ ఎన్నడూ తెరవనిది. కోరలే వెళ్లి తీసింది.

పేజీలన్నిటా ఒకటే చేతిరాత.

'క్యాంపర్ తగిలించాం. నాలుగు.'

'ఎదురుగాలి. మా ఆయన రాన్ అయిదంటాడు. వినలేదు. నాలుగు.'

'చదును రోడ్డే. అయినా క్యాంపర్ ఉంది. నాలుగు.'

పదిహేడేళ్లు అలాగే సాగింది. చివరి పేజీలో ఒక్క వరుసే ఉంది.

'క్యాంపర్ లేదు. రాన్ లేడు. అయిదు.'

"ఎవరిది?" అన్నాడు నెవిల్, నెమ్మదిగా.

కోరల్ మొదటి పేజీకి తిప్పి పుస్తకాన్ని ఆయన చేతిలో పెట్టింది. బండి యజమాని అన్న చోట, ఒక్క నిమిషం కూర్చోనిమ్మని అడిగినావిడ పేరుంది.