అదరని ఇంజను

వాకాడు దారిలో కారు మూడోసారి ఆగిపోయింది. రేడియేటరు మూతలోంచి ఆవిరి బుసకొడుతోంది.

"ఈ పాత కారుకు జీపు ఇంజను వేస్తే బానెట్టు మీద నీళ్లగ్లాసు కూడా తొణకదన్నావే, సైదావలీ," అన్నాడు యజమాని పద్మనాభయ్య కారు దిగుతూ. "రేపటికి ఇది బాగుపడకపోతే నీ షెడ్డుకు ఎవురూ రాకుండా చేస్తా."

మెకానిక్కు సైదావలి బానెట్టు ఎత్తినాడు. తను తోలితే వేడెక్కని ఇంజను, డ్రైవరు ఓబులేసు తోలితే ఎందుకు మరుగుతోంది?

ఇంజను చల్లారినాక నీళ్లు పోసి, పద్మనాభయ్యను చెట్టు నీడలోనే ఉండమని, ఓబులేసు పక్కన ఎక్కినాడు.

కారు రెండో గేరులోనే పరుగెత్తింది. ఇంజను గొంతు చించుకుంటోంది. ఓబులేసు మాత్రం గేరు రాడ్డు మీద అరచెయ్యి ఆనించి, దేనికోసమో కాచుకుని ఉన్నాడు.

"మూడో గేరు వెయ్యన్నా."

ఓబులేసు తల కూడా తిప్పలేదు. సైదావలి ఇంకా గట్టిగా చెప్పినాడు. ఊహూఁ.

ఈ మనిషికి చెవుడు. అయ్యకు తెలిస్తే పనిలోంచి తీసేస్తాడు. ఇన్నేళ్లూ పాత ఇంజను అదురు చేతికి తగిలితేనే గేరు మార్చినాడు. కొత్తదాని కింద మెత్తటి రబ్బరు దిమ్మెలు పెట్టి, ఆ అదురును సైదావలే చంపేసినాడు.

వెనక్కి వచ్చేసరికి పద్మనాభయ్య ఎదురొచ్చినాడు. "తప్పెవురిది?"

ఓబులేసు సైదావలి పెదవుల వైపే చూస్తున్నాడు.

"నాదే అయ్యా. ఇంజను కింద దిమ్మెలు తీసేస్తా."

సాయంత్రం కారు గజగజ అదురుతూ, చల్లగా నడిచింది. ఓబులేసు చెయ్యి వేళకు మూడో గేరు వేసింది.

"పాతదాని కంటే ఎక్కువ కుదుపుతోందే. నీ పనితనం ఇంతేనా?" అన్నాడు పద్మనాభయ్య.

"ఇంతే అయ్యా," అన్నాడు సైదావలి, ఓబులేసుకు కనపడేలా మొహం అటు తిప్పి.