ఎనభై దగ్గర నిలిచిన అంకె

డబ్బా మీద ఎర్ర అంకెలు టప్పున ఆరిపోయాయి.

డ్రమ్ము అడుగున ఫ్యాను కూడా ఆగింది.

"అయిపోయింది! నానేటి సెప్పాను?" అంటూ జగ్గమ్మ లేచి, డ్రమ్ముకి అవతల నిలబడ్డ ముసలాయన వైపు చెయ్యి చూపించింది. "ఆ సూపు సూడు. రెప్పేస్తన్నాడా అసలు?"

కొడుకు చిట్టిబాబు వైర్లు ఒక్కొక్కటే లాగి చూస్తున్నాడు.

ఆ మిషను మీదే అతని ఆశంతా. సూరత్ ఫ్యాక్టరీలో ఉండగా కూతురు తొలి అడుగులు ఫోనులో చూశాడు. ఇంక చాలనుకుని గోపాల్‌పూర్ పక్కన సముద్రపొడ్డున ఉన్న ఇంటికి వచ్చేశాడు. నూనె డ్రమ్ములో బొగ్గులు రాజేసి, పైన కోనెం చేప ముక్కలు వేలాడదీసి, పొగచేప చేసి బరంపురం హోటళ్ళకి అమ్మాలని ఆలోచన.

పొగచేపకి వేడి నిలకడగా ఉండాలి. తగ్గితే పచ్చి, పెరిగితే మాడు. అందుకని పాత కంప్యూటర్ ఫ్యాను, వేడి తెలిపే కడ్డీ, ఆ వేడిని అంకెల్లో చూపే చిన్న సర్క్యూటు డబ్బా సంపాదించి, వీడియోలు చూసి తనే మిషను కట్టాడు. వేడి ఎనభై డిగ్రీల కంటే తగ్గితే ఫ్యాను తిరిగి బొగ్గుల్ని ఊదుతుంది. దాటితే ఆగిపోతుంది.

మొదట్లో ఆ అంకె కోతిలా గెంతేది. రోజూ ఏదో ఒక సెట్టింగు మార్చేవాడు. ఈమధ్యే ఎనభై దగ్గర బుద్ధిగా నిలబడింది. చిట్టిబాబు కాళ్ళు నేలమీద ఆనలేదు. దారిన పోయేవాళ్ళని కూడా పిలిచి చూపించేవాడు.

అంకె ఇంకా గెంతుతున్న రోజుల్లోనే చూడ్డానికి వచ్చి, అలా ఉండిపోయినవాడు ఈ కూర్మయ్య. రంభ అనే ఊరి నుంచి, ఇక్కడే ఉంటున్న కూతురు చిట్టమ్మ ఇంటికి వచ్చాడట. రోజూ మధ్యాహ్నం వస్తాడు. ఎగ్గట్టిన పంచె చీలమండల దాకా దించుకుని, సముద్రానికి వీపు పెట్టి, డ్రమ్ముకి దగ్గరగా నిలబడతాడు. కూర్చోమంటే కూర్చోడు. ముక్క ఇస్తే వద్దంటాడు. చేపలు దించేదాకా ఆ ఎర్ర అంకె కేసే చూస్తూ ఉంటాడు.

వైరు ఒకటి ఊడిందని తేలింది. బిగించేసరికి బొగ్గులు చల్లారి, ముక్కలు పాడైపోయాయి.

"రేపు సరుకు చూడ్డానికి హోటలాయన వచ్చినప్పుడు ఇలాగయితే?" అంది భార్య అమ్ములు, పాపని చంకన వేసుకుంటూ.

రేపు కుదరకపోతే చిట్టిబాబుకి మళ్ళీ సూరత్ రైలే. దిష్టీ గిష్టీ నమ్మేవాడు కాదు గానీ, భయం పట్టుకుంటే ఎవడి తెలివి ఎంతని?

"తాతా, రేప్పట్నించి ఇటు రాకు."

"ఏటయింది బాబూ?"

"నీ సూపు మంచిది కాదంతంది మా అమ్మ."

కూర్మయ్య ఓసారి వెనక్కి తిరిగి సముద్రం వైపు చూశాడు.

"సరే బాబూ. జాగర్త," అని పంచె ఎగ్గట్టుకుని వెళ్ళిపోయాడు.

జగ్గమ్మ ఉప్పూ మిరపకాయలూ తీసుకొచ్చి, డ్రమ్ము చుట్టూ తిప్పి నిప్పుల్లో వేసింది.

"ఘాటు రానేదు. సూసినావా, దిష్టే!" అంది, దగ్గుతూనే.

మర్నాడు హోటల్ యజమాని ప్రకాష్ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. చిట్టిబాబు మిషను గురించి ఉత్సాహంగా చెప్పుకుపోతున్నాడు.

మధ్యాహ్నానికి అంకె ఎనభై దాటింది. తొంభై. నూట పది.

ఫ్యాను ఆగే ఉంది. అంకె మాత్రం ఎక్కుతూనే ఉంది. కడ్డీ మార్చాడు, సెట్టింగు మార్చాడు, ఆఖరికి ఫ్యాను వైరే పీకేశాడు. నూట నలభై!

ముక్కలు దించేసరికి నల్లగా మాడిపోయాయి.

ప్రకాష్ ఒకటి తుంచి చూసి, పళ్ళెంలో పెట్టేశాడు. "రోజూ ఒకేలా ఉంటాదంటేనే కదా బాబూ నేను తీసుకునేది? చూద్దాం, ఫోన్ చేస్తాను."

చెయ్యడని అమ్ములుకి కూడా అర్థమైంది.

చిట్టిబాబు డ్రమ్ముకి సముద్రం వైపు వెళ్ళి, ఫ్యాను బిగించిన బెజ్జం ముందు కూలబడ్డాడు. వీపుకి గాలి ఈడ్చి కొట్టింది. లోపల భగభగమంటున్న బొగ్గులు మెల్లగా మసకేశాయి.

పక్కకి జరిగాడు. బొగ్గులు మళ్ళీ ఎర్రబడ్డాయి.

తిరిగి అడ్డంగా కూర్చున్నాడు. మళ్ళీ మసకేశాయి.

గాలి చూసుకోకుండా పడవ దింపని ఇంట్లో పుట్టినవాడు, పొయ్యి దగ్గర గాలి సంగతే మర్చిపోయాడు. మిషనుంది కదా అన్న ధీమా మరి! సిగ్గుతో చచ్చిపోయాడు.

లేచి చిట్టమ్మ ఇంటికి పరిగెత్తాడు.

"నాయన పొద్దున్నే రంభ బస్సెక్కేశాడు. ఏటయిందో సెప్పనేదు. ఇంకీ ఊరు రానన్నాడు," అంది చిట్టమ్మ.

చిట్టిబాబు బస్సు రోడ్డు కేసి చూశాడు.

"రోజూ నడుం పట్టేసిందని మూలిగీవోడు. ఆ డ్రమ్ము కాడ అంతసేపెందుకంటే, సముద్రం గాలికి అడ్డు నేకపోతే ముక్కలు మాడిపోతాయి అనీవోడు."

"ఆ మాట నాతో సెప్పొచ్చు కదా అప్పా!"

"నానూ అదే అడిగినాను. 'సొంతంగా సేసుకున్నానని ఊరందరికీ సూపించుకుని మురిసిపోతన్నాడే, నాను సెప్తే సిన్నబోడా? ఉన్నన్నాళ్ళూ నిలబడితే నా సొమ్మేటి పోతాది' అన్నాడు."