చప్పట్లక్క

చర్చి హాలులో అన్ని ఖాళీ కుర్చీలుండగా, ఆ ఆదివారం కొత్తగా వచ్చిన ఒకావిడ నేరుగా వెళ్లి డ్రైవరు పక్కన కూర్చుంది.

పాటలు పాడించే అమ్మాయి పుస్తకం తిప్పడం ఆపి అటే చూసింది.

ఆ కుర్చీలో ఎవరూ కూర్చోరు. కూర్చోవద్దని ఎవరూ అనలేదు. అతని ముఖం చూస్తే పక్కన చేరాలనిపించదు, అంతే.

ఒకప్పుడు అతను గొంతెత్తితే చర్చి పైకప్పు లేచిపోతుందేమో అనిపించేది. ఆరాధన మొదలైతే అతనికి ఒళ్లు తెలిసేది కాదు. కళ్లు మూసుకుని, చేతులెత్తి, ముఖమంతా వెలిగిపోతూ పాడేవాడు.

తర్వాత ఒక సాయంత్రం, బడి మలుపు దగ్గర, అతని బస్సు కింద ఒక పాప పడింది.

గాలికి ఎగిరిపోయిన టోపీ కోసం రోడ్డు మీదికి పరుగెత్తింది. బ్రేకు పడేలోగా అంతా అయిపోయింది.

అతని తప్పేమీ లేదని కోర్టు తేల్చింది. ఆ మాట అతని చెవికెక్కలేదు. అక్కడ ఉన్నంతసేపూ తల ఎత్తి ఎవరి ముఖమూ చూడలేదు.

మళ్లీ స్టీరింగు ముట్టలేదు. డిపోలో టైర్లు మార్చే పనికి మారాడు. చర్చికి మాత్రం వస్తాడు. నోరు విప్పకుండా కూర్చుని వెళ్లిపోతాడు. అందరూ చప్పట్లు మొదలుపెడితే చాలు, అతని చెవుల్లో బ్రేకు కీచుమంటుంది.

పాట మొదలవగానే కొత్తావిడ లేచి నిలబడింది.

రాగం ఒక దారిన, ఆవిడ ఒక దారిన. చప్పట్లు తాళానికి ఎప్పుడూ ఓ క్షణం వెనక. డ్రమ్ములు వాయించే ఆయన తడబడి, తల పట్టుకున్నాడు.

"అక్కా, చప్పట్లు కాస్త తాళంలో పడేట్టు చూడండి," అంది పాటలమ్మాయి, ఆరాధన అయ్యాక.

"నా చేతులు నా మాటే వినవమ్మా, నీ తాళం ఏం వింటాయి? దేవుడు సర్దుకుంటాడులే," అని నవ్వేసింది ఆవిడ.

వారం తిరిగేసరికి చప్పట్లక్క అని పేరు పడిపోయింది.

డ్రైవరు చివరి వరసలోకి మారాడు. ఆవిడా మారింది.

"లే తమ్ముడూ, పాట మొదలైంది."

"నాకు పాటలు రావు."

"అబద్ధం. నీ గొంతు భలే ఉంటుందని పాస్టరు గారు చెప్పారు."

"అప్పుడుండేది."

"పోయిందా? ఎక్కడ పోగొట్టుకున్నావో అక్కడే వెతుక్కుందాం, లే."

అతను పళ్లు బిగించి కూర్చున్నాడు. ఆవిడ వదల్లేదు. ప్రతి ఆదివారం అదే వరస.

ఒకరోజు పాట మంచి ఊపు మీదుండగా, ఆవిడ అతని రెండు చేతులూ పట్టుకుని చప్పట్లు కొట్టించబోయింది.

అతను విదిలించుకుని వరండాలోకి వచ్చేశాడు. ఆవిడ వెనకాలే వచ్చింది.

"నా ప్రాణం ఎందుకు తీస్తారు? ఈ చేతులు నడిపిన బండి కింద ఒక పసిపాప పోయింది. వీటితో చప్పట్లు కొట్టమంటారా?"

"అవును. ఆ చేతులతోనే."

"పోయింది మీ బిడ్డే అయితే ఇలా ఇకిలిస్తూ పాడేవారా?"

ఆవిడ గోడ పట్టుకుంది. లోపల పాట రెండో చరణంలోకి వెళ్లింది.

"ఏడుపు ఆగక పాడుతున్నాను తమ్ముడూ," అంది చివరికి. "పాడగా పాడగా ఎక్కడో ఒకచోట నిజంగానే సంతోషం వచ్చేస్తుంది. ఎలా వస్తుందో నాకూ తెలీదు. ఆయనే ఇస్తాడు. అది ఒక్కదాన్నే తీసుకోబుద్ధి కాలేదు."

లోపలికి వెళ్లి, తన చోట నిలబడి, మళ్లీ పాడింది. అతను ఆ రోజు లోపలికి వెళ్లలేదు.

తర్వాతి ఆదివారం, క్షమించమని అడగాలని ముందే వచ్చి కూర్చున్నాడు. ఆవిడ రాలేదు.

ఆపై వారమూ రాలేదు.

అందరి చప్పట్లూ ఆగాక, ఒక్క చప్పుడు ఆలస్యంగా వినబడ్డట్టు ఉండేది. తల తిప్పితే ఖాళీ కుర్చీ. డిపోలో టైరు విప్పుతున్నా, ఇంట్లో అన్నం ముందు కూర్చున్నా, అదే చప్పుడు, వెనకనుంచి.

పాస్టరు డిపోకే వచ్చాడు.

"చప్పట్లక్క పోయిందయ్యా. రక్తంలో జబ్బు. మన దగ్గరికి వచ్చేనాటికే డాక్టర్లు చేతులెత్తేశారట."

డ్రైవరు చేతిలోని పానా కింద పడింది.

"సమాధి దగ్గర నువ్వే పాడాలని మరీ మరీ చెప్పింది. ఏడుపు పాట వద్దంది. స్తుతి పాటే కావాలంది."

"నేనా? నేనావిడను ఎంత మాటన్నానో తెలుసా మీకు?"

"తెలుసు. నాకంతా చెప్పింది." పాస్టరు ఇంకేదో చెప్పబోయి ఆగాడు. "రేపు పొద్దున వచ్చెయ్యి."

వచ్చాడు. శవపేటిక ముందు నిలబడ్డాడు. నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు.

కళ్లు మూసుకుని బ్రేకు చప్పుడు కోసం ఎదురుచూశాడు.

అది రాలేదు.

గొంతు ముందు బొంగురుగా, ముక్కలు ముక్కలుగా వచ్చింది. తర్వాత ఎవరో అడ్డు తీసేసినట్టు ఒక్కసారిగా పొంగింది. పాటలమ్మాయి ఏడుస్తూనే గొంతు కలిపింది. అందరూ చప్పట్లు అందుకున్నారు. అతను చేతులెత్తాడు. ఏడుస్తున్న ముఖం అలాగే వెలిగిపోయింది. తాను ఎక్కడున్నాడో మరిచిపోయి పాడాడు.

పాటలోనే పేటికను కిందికి దించారు.

చివరి చరణం దగ్గర అతను కళ్లు తెరిచాడు.

ఆవిడ గోతిని ఆనుకుని ఒక చిన్న సమాధి ఉంది. దాని రాతి మీద, అతని బస్సు కింద పడిన పాప పేరుంది.